ఒడిశా కొలువులకి ఒడియా టెస్టు, జీవశాస్త్రం పేపరు: తెలుగు మీడియం వాళ్లకి ఎక్కడ దెబ్బ పడుతోంది?

వంశధార_గట్టు:

అందరికీ నమస్కారం. ఒడిశా సరిహద్దులో గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల ఉంటూ, టెన్త్, ఇంటర్ ఆంధ్రా వైపు తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు ఒడిశాలో ఫారెస్టు గార్డు, లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరు లాంటి పోస్టులకి అప్లై చేసేవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఒడియా మాట్లాడటం అందరికీ వచ్చు. సంతలో, బస్సులో ఏ ఇబ్బందీ లేదు. రాయడం దగ్గరే గొడవంతా.

అడగాల్సినవి ఇవి. స్కూల్లో ఒడియా చదవనివాళ్లు అర్హత ఎలా చూపించాలి? ఒడియా రాతలో తెలుగువాళ్లు ఎక్కువగా చేసే తప్పులేమిటి? జీవశాస్త్రం తెలుగులో బాగానే వచ్చు గానీ, ఒడియాలో ప్రశ్న చూస్తే తెలిసిన పాఠం కూడా కొత్తగా కనబడుతోంది. దానికి మందేమిటి? సుమారు 45 రోజులు చేతిలో ఉన్నాయనుకుని చెప్పండి.

పర్లాకిమిడి_కాగితాలు:

తమ్ముడూ, ముందు కాగితాల సంగతి. నోటిఫికేషన్లో అందరూ వయసు, ఫీజు, ఖాళీలు చూసి మధ్యలో ఒక పేరా దాటేస్తారు. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలని చెప్పి అది ఊరుకోదు, దానికి రుజువేమిటో కూడా అడుగుతుంది. ఏడో తరగతి ఫైనల్లో గానీ ఆ పైన గానీ ఒడియా ఒక భాషా సబ్జెక్టుగా పాసై ఉండాలి. లేదా మెట్రిక్‌లో భాషలు కాని సబ్జెక్టులు ఒడియా మాధ్యమంలో రాసి ఉండాలి. రెండూ లేనివాళ్లకి మిగిలిన దారి మిడిల్ ఇంగ్లీష్ స్కూల్ స్థాయి ఒడియా టెస్టు. మన వైపు దాన్ని ఎం.ఇ. ఒడియా టెస్టు అంటారు. ఆంధ్రాలో టెన్త్ చేసిన నీలాంటివాళ్లకి వర్తించేది ఇదే.

ఇక్కడ చాలామంది రెండు వేరు వేరు పరీక్షల్ని ఒకటిగా కలిపేస్తారు. ఎం.ఇ. టెస్టు అర్హత కోసం. ఉద్యోగం పరీక్షలో వచ్చే ఒడియా ప్రశ్నలు మార్కుల కోసం. రాతపరీక్షలో ఒడియా ప్రశ్నలకి ఎన్ని మార్కులొచ్చినా, అర్హత సర్టిఫికెట్టు లేకపోతే సర్టిఫికెట్ల పరిశీలన రోజున పక్కన కూర్చోబెడతారు. సర్టిఫికెట్టు మీది తేదీ దరఖాస్తు ఆఖరి తేదీకి ముందుదై ఉండాలి. ముందు అప్లై చేసి తరవాత టెస్టు రాద్దామంటే కుదరదు. అందుకని ఏ నోటిఫికేషనూ లేని రోజుల్లోనే ఆ టెస్టు పూర్తి చేసుకో.

ఒడిశాలోనే తెలుగు మీడియం స్కూల్లో చదివినవాళ్లు తమ మార్కుల జాబితా ఒకసారి తీసి చూసుకోండి. అందులో ఒడియా సబ్జెక్టు అచ్చయి, దాని ఎదురుగా మార్కు ఉండాలి. ‘మా స్కూల్లో ఒడియా చెప్పేవారు’ అని నోటితో చెబితే ఎవరూ రాసుకోరు.

ఇంకొకటి, పేరు. ఆంధ్రా సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది, అదీ చాలాసార్లు ఒక్క అక్షరమే. ఒడిశాలో ఇంటిపేరు చివర రాస్తారు. ఆన్‌లైన్ ఫారంలో మొదటి పేరు, ఇంటిపేరు అని వేరు వేరు గళ్లుంటే కంగారుపడి తిరగేసి కొట్టేస్తారు. టెన్త్ సర్టిఫికెట్టు మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. ఆధార్లో వేరేగా ఉంటే అప్లై చేసేలోపే సరిచేయించు.

జయపురం_మాస్టారు:

ఒడియా రాత గురించి నేను చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

తెలుగు పిల్లలు తెలియని మాట దగ్గర తప్పు చేయరు, తెలియదు గనక జాగ్రత్తపడతారు. తప్పు చేసేది తెలిసిన సంస్కృతం మాట దగ్గర. మాట రెండు భాషల్లోనూ ఉంటుంది, స్పెల్లింగు వేరు. ఇంకా పెద్ద గొయ్యి ఏమిటంటే అర్థమే వేరు.

మొదట ల, ళ. తెలుగులో ల ఉన్న చోట ఒడియాలో చాలాసార్లు ళ పడుతుంది. ఫలం అక్కడ ఫళ, జలం జళ, కాలం కాళ, మూలం మూళ, విద్యాలయం బిద్యాళయ. పదం మొదట్లో మాత్రం ఎప్పుడూ ల: లోక, లతా. మన నోటికి రెండూ పలుకుతాయి కాబట్టి చెవి పెట్టి వింటే చాలు, సగం తప్పులు పోతాయి.

చెవిని నమ్మకూడని చోట్లూ ఉన్నాయి. శ, ష, స మూడూ ఒడియాలో ‘స’ లాగే వినబడతాయి. ఇక్కడ తెలుగు స్పెల్లింగే గుర్తు చేసుకో, చాలావరకు సరిపోతుంది. క్ష ‘ఖ్య’ లాగా వినబడుతుంది. డిక్టేషన్లో ‘పరిఖ్యా’ అంటారు, రాయాల్సింది పరీక్షా. కానీ సంఖ్యా, బ్యాఖ్యా నిజంగానే ఖ్య. జ్ఞ ‘గ్య’ అని వినబడుతుంది, బిజ్ఞాన అని రాయాలి. ‘జొది’ అని వినబడేది యదియే. అక్కడ వేసేది జ అక్షరం కాదు, జ లాగా పలికే య. ఒడియాలో య రెండు రూపాల్లో ఉంటుంది. జ లాగా పలికేది ఒకటి, అడుగున గీతతో య లాగే పలికేది ఇంకొకటి. ఈ రెండింటికీ రోజుకి పది పదాలు విడిగా రాసుకో.

అ అక్షరం వాళ్ల నోట్లో ‘ఒ’కి దగ్గరగా ఉంటుంది. ఘర అంటే ‘ఘొరొ’ అని వినబడుతుంది. అలా విని ఓత్వాలు పెట్టేస్తే పేపరు దిద్దేవాడు మొదటి పంక్తిలోనే మనం ఎక్కడివాళ్లమో పట్టేస్తాడు.

దీర్ఘాలు: సంస్కృతంలో ఈకారంతో ముగిసే స్త్రీలింగాలని తెలుగు కుదించేసింది, ఒడియా కుదించలేదు. మన నది వాళ్లకి నదీ, దేవి దేబీ, నారి నారీ, పృథివి పృథిబీ. కబి, రాత్రి మాత్రం హ్రస్వమే. అరసున్న మనం మరిచిపోయాం గానీ వాళ్లకది బతికే ఉంది: ముఁ, గాఁ, నాహిఁ, పాఇఁ. అది పెట్టకపోతే తప్పే. డ కింద చుక్క కూడా అంతే. పదం మొదట్లో చుక్క ఉండదు, అచ్చుల మధ్య వస్తే ఉంటుంది: డాక అనడానికి చుక్క లేదు, గాడి, ఘోడా రెండింటికీ ఉంది. రేడియో లాంటి ఇంగ్లీషు మాటలకి ఈ లెక్క వర్తించదు. వాక్యం చివర మన చుక్క కాదు, నిలువు గీత.

ఇప్పుడు అర్థం మారే మాటలు. ఇవి వ్యాసంలో, అనువాదంలో కొంప ముంచుతాయి. ఒడియాలో శిక్షా అంటే చదువు. దండనకి దండ అంటారు. అబసర అంటే విశ్రాంతి, ఉద్యోగ విరమణ. మన అవసరానికి ఆబశ్యక. బ్యబసాయ అంటే వ్యాపారం. మన వ్యవసాయానికి చాష లేదా కృషి. ఉద్యోగ అంటే ప్రయత్నం, పరిశ్రమ. మన ఉద్యోగం చాకిరి. (అవును, వాళ్లు చాకిరి అనేది గౌరవంగానే.) చరిత్ర అంటే నడవడి, మన చరిత్ర ఇతిహాస. ఉత్తర అంటే జవాబు, మన ఉత్తరం చిఠి. ఉపన్యాస అంటే నవల. ఆలోచనా అంటే చర్చ. రాజ్య అంటే మన రాష్ట్రం, రాష్ట్ర అంటే దేశం. ‘మా రాష్ట్రంలో వ్యవసాయం అవసరం’ అన్న వాక్యాన్ని అవే మాటలతో ఒడియాలోకి దించితే, ‘మా దేశంలో వ్యాపారం రిటైర్మెంటు’ అవుతుంది.

వ్యాకరణంలో మనకి రెండు లాభాలున్నాయి. క్రియకి లింగభేదం లేదు, అతను వచ్చినా ఆమె వచ్చినా సే ఆసిలా, గౌరవంగా చెప్పాలంటే సే ఆసిలే. రెండోది కాదు, లేదు. హిందీవాళ్లు ఇక్కడ తడబడతారు గానీ మనకి అచ్చంగా అతుకుతుంది: ‘ఇది నా ఇల్లు కాదు’కి నుహేఁ, ‘నాకు ఇల్లు లేదు’కి నాహిఁ.

అర్జీ రాసేటప్పుడు తుమే పనికిరాదు, మొదటి నుంచి చివరిదాకా ఆపణ. క్రియ కూడా దానికి తగ్గట్టు కరన్తు, దిఅన్తు అని పోవాలి. సగం ఆపణ, సగం తుమే రాయడం చాలా మామూలు తప్పు. తండ్రి పేరు చెప్పేటప్పుడు బాపార అనకూడదు, బాపాఙ్కర అనాలి. గౌరవం ఆ ‘ఙ్క’లో ఉంటుంది.

45 రోజులకి: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఒడియా వాచకాలు తెచ్చుకో. పొద్దున ఒక పేజీ చూసి రాయి. సాయంత్రం అదే పేజీలో పది పంక్తులు ఎవరిచేతనైనా చదివించుకుని వినిరాయి, పుస్తకంతో పోల్చి ఎర్ర పెన్నుతో దిద్దుకో. తప్పు పడ్డ పదాలే మర్నాటి జాబితా. మూడో వారం నుంచి వారానికి రెండు అర్జీలు, ఒక వ్యాసం. వ్యాసాలు బట్టీ పట్టొద్దు. బట్టీ పట్టిన వ్యాసంలో తప్పు స్పెల్లింగు కూడా బట్టీ అయిపోతుంది.

రాయగడ_సైన్సు:

మాస్టారు చెప్పింది జీవశాస్త్రానికి కూడా అక్షరాలా సరిపోతుంది. పాఠం వచ్చినవాడే పదం దగ్గర బోల్తా కొడతాడు.

అన్నిటికంటే ప్రమాదం స్నాయు. తెలుగు పుస్తకంలో స్నాయుబంధనం అంటే కండరాన్ని ఎముకకి కట్టే పట్టీ. ఒడియాలో స్నాయు అంటే నాడి, స్నాయు తంత్ర అంటే నాడీవ్యవస్థ. నాడి అని వాళ్లంటే చేయి పట్టుకుని చూసే నాడి. ‘స్నాయుకి ప్రాథమిక ప్రమాణం ఏది’ అన్న ప్రశ్నకి కండరం వైపు ఆలోచించి మార్కు పోగొట్టుకుంటారు. జవాబు న్యూరాన్.

మన కణం వాళ్లకి కోష లేదా జీవకోష. కిరణజన్య సంయోగక్రియ ఆలోకశ్లేషణ. శ్వాసక్రియ శ్వసన. గుండె హృత్‌పిండ, ఊపిరితిత్తులు ఫుస్‌ఫుస్, జీర్ణాశయం పాకస్థళీ, మూత్రపిండం బృక్క, కాలేయం యకృత (చదివేటప్పుడు ‘జకృత’), క్లోమం అగ్న్యాశయ. బాక్టీరియా జీవాణు, వైరస్ భూతాణు, శిలీంధ్రం కబక, శైవలం శైబాళ. క్షీరదం స్తన్యపాయీ, వెన్నెముక ఉన్నవి మేరుదండీ, లేనివి అమేరుదండీ. ఆహారంలో పిండిపదార్థం శ్వేతసార, మాంసకృత్తులు పుష్టిసార, కొవ్వు స్నేహసార. ఇలాంటివి ఒక 150 పదాలుంటాయి. నోటుపుస్తకం పేజీని నిలువుగా మడిచి ఎడమ వైపు ఒడియా, కుడి వైపు తెలుగు రాసుకో. ఎడమ చూసి కుడి చెప్పడమే అభ్యాసం, ఎందుకంటే పరీక్షలో కనబడేది ఎడమ పక్కే. పదాలు ఏరుకోవడానికి ఒడిశా బోర్డు తొమ్మిది, పది తరగతుల జీవ బిజ్ఞాన పుస్తకాలు చాలు. గైడ్లలో ఒకే అవయవానికి ఒక్కో పేజీలో ఒక్కో పేరు వాడతారు, వాటి జోలికి పోకు.

పాఠంలో పడే తప్పులు వేరే. ధమనులన్నిటిలో మంచి రక్తం, సిరలన్నిటిలో చెడు రక్తం అని బట్టీ పట్టి పుపుస ధమని (గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్లేది) దగ్గర దొరికిపోతారు. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకి తెచ్చేది సిర. అంతే తేడా. పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువ, పుపుస సిరలో ఎక్కువ. మొక్కలు రాత్రే శ్వాసిస్తాయన్నది ఇంకో పాత పొరపాటు. అవి రాత్రింబగళ్లు శ్వాసిస్తూనే ఉంటాయి, పగలు కిరణజన్య సంయోగక్రియ ఎక్కువగా జరుగుతుంది గనక కనబడదు. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో, నిలవుండేది పిత్తాశయంలో. రెండూ ఆప్షన్లలో పక్కపక్కనే ఇస్తారు, ప్రశ్నలో క్రియ ఏదో చూడు. గుండె గదులు చేపకి 2, కప్పకి 3, పక్షులకీ క్షీరదాలకీ 4. సరీసృపాలకి 3 అని రాసేసి మొసలి దగ్గర పడతారు, దానికి 4. మన శరీరంలో ఎముకలు 206, కణంలో క్రోమోజోములు 46, ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. విటమిన్ల లోపాలు అందరికీ వచ్చు, రాయను.

దోమలు మాత్రం రాస్తాను, మన జిల్లాల్లో బతుకు దాంతోనే ముడిపడింది. మలేరియాకి ఆడ అనాఫిలిస్, డెంగీకి ఏడిస్, బోదకాలుకి క్యూలెక్స్. మలేరియా కలిగించేది ప్లాస్మోడియం. అది బాక్టీరియా కాదు, వైరస్ కాదు, ప్రోటోజోవా. ఆప్షన్లలో జీవాణు, భూతాణు రెండూ పెట్టి ప్రోటోజోవా అడుగున పెడతారు.

పశువుల పోస్టుకి వెళ్లేవాళ్లు చూడి కాలాలు చూసుకోండి: ఆవుకి సుమారు 280 రోజులు, గేదెకి 310, మేకకి 150, పందికి 114. నెమరువేసే జంతువుకి నాలుగు పొట్టలు అంటాం గానీ నిజానికి ఒకే పొట్టలో నాలుగు గదులు: రూమెన్, రెటిక్యులం, ఒమేసం, అబోమేసం. మన జీర్ణాశయంలా రసాలు ఊరేది చివరి దాంట్లోనే. జబ్బుల్లో గాలికుంటు (ఒడియాలో ఫాటుఆ) వైరస్. గొంతువాపు, జబ్బవాపు, దొమ్మ మూడూ బాక్టీరియా. దొమ్మతో చచ్చిన పశువుని కోయకూడదు ఎందుకు అని అడుగుతారు: గాలి తగలగానే ఆ క్రిమి స్పోర్లు కట్టి మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది.

ఫారెస్టు వాళ్లకి చెట్లు ముఖ్యం. మన తునికి వాళ్లకి కెందు, ఇప్ప మహుల, చింత తెన్తుళి, వెదురు బాఉఁశ. వెదురు చెట్టు కాదు, గడ్డి కుటుంబం. ఒడిశా రాష్ట్ర జంతువు సాంబరు, పక్షి పాలపిట్ట, చెట్టు రావి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లలో గహిర్మఠా ఒక్కటే గుర్తుంటుంది అందరికీ. గంజాం జిల్లాలోని రుషికుల్య ముఖద్వారం మన పక్కనే ఉంది, దాన్ని మరవొద్దు.

వంశధార_గట్టు:

మాస్టారూ, సైన్సు అన్నా, ఇద్దరికీ దణ్ణం. స్నాయు అంటే నేను కండరమే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ.

ఇంకో రెండు సందేహాలు. తెలియని ప్రశ్నకి గుడ్డిగా పెట్టొచ్చా? మైనస్ మార్కుల భయం. ఇంకొకటి అందరూ అడిగేదే: పశువుల డాక్టరు దగ్గర పనిచేసేవాడికి ఈ భాష గొడవ ఏటి? ఇలాంటివి ఇంకెక్కడైనా ఉన్నాయా, మన నెత్తినేనా?

బరంపురం_మాటలపిచ్చి:

మన నెత్తినే కాదు బాబూ. అటు గడ్చిరోలిలో సిరొంచ తెలుగువాళ్లని అడుగు, మరాఠీ పేపరుతో వాళ్లదీ ఇదే గోల. అసలు పశువుల ఇన్‌స్పెక్టరుకే భాష ఎక్కువ కావాలి. ఆవు మాట్లాడదు, ఆవు గలాయన మాట్లాడతాడు.

సముద్రాల అవతల న్యూజిలాండ్‌లో మావోరీ సంగతి చూడు. 1987 చట్టంతో అది అధికార భాష అయింది. మొత్తం 15 అక్షరాలు. మన తెలుగు మాటలు చాలావాటిలాగే అక్కడ ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. ఇంకా సరదా ఏమిటంటే మనం, మేము తేడా ఒడియాలో లేదు, రెండింటికీ ‘ఆమే’ అన్న ఒకే మాట. మావోరీలో ఉంది! మనం అంటే తాతౌ, మేము అంటే మాతౌ. ఇద్దరే ఉంటే దానికి వేరే జత: తావువా, మావువా.

ఆ భాషలో జీవశాస్త్రం పేపరు పెడితే పిల్లవాడి అవస్థ ఎలా ఉంటుందో చూడు. మావోరీలో ‘ఇవి’ అనే మాటకి తెగ అని అర్థం, అదే మాటకి ఎముక అని కూడా అర్థం. హపూ అంటే ఉపతెగ, గర్భిణి కూడా. ఫెనువా అంటే నేల, బిడ్డతో పాటు వచ్చే మాయ కూడా. వాళ్లకి ఒకే భాషలో రెండర్థాలు. మనకి రెండు భాషల్లో ఒకే మాట. మన స్నాయు గొడవ దాని ముందు ఏపాటిది?

పర్లాకిమిడి_కాగితాలు:

మైనస్ లెక్క చెబుతాను. తప్పుకి ఎంత కోస్తారో నోటిఫికేషన్లో ఉంటుంది, ముందు అది చూడు. నాలుగు ఆప్షన్లు, సరైనదానికి 1, తప్పుకి 0.25 అనుకుంటే, పూర్తి గుడ్డిగా పెట్టినప్పుడు సగటున ప్రశ్నకి 0.06 వస్తుంది. లాభం ఉన్నా లేనట్టే. ఒక ఆప్షను కచ్చితంగా కాదని కొట్టేయగలిగితే 0.17, రెండు కొట్టేయగలిగితే 0.375. కాబట్టి ఒక్కటి కూడా కొట్టేయలేని ప్రశ్న వదిలెయ్, రెండు కొట్టేయగలిగితే వదలకు. తప్పుకి మూడో వంతు కోసే పరీక్షలో గుడ్డి జవాబుకి సగటు సరిగ్గా సున్నా.

ఓఎంఆర్ షీటులో దెబ్బ పడేది జవాబుల దగ్గర కాదు, పైన రోల్ నంబరు, బుక్‌లెట్ సిరీస్ గళ్లు. సిరీస్ దిద్దకపోతే పేపరు దిద్దడమే కుదరదు. జవాబులకంటే ముందు అవి నింపు. ఒక ప్రశ్న వదిలినప్పుడు షీటులోనూ ఆ వరస వదిలావో లేదో ప్రతి పది ప్రశ్నలకీ ఒకసారి చూసుకో.

జయపురం_మాస్టారు:

సైన్సు గారి జాబితాలో ఒక్క ముక్క కలుపుతాను. ఆ పేజీలో మీరు తెలుగు లిపిలో ‘జకృత’ అని రాసుకుంటే పరీక్షలో ఆ అక్షరం కోసం జ వెతుక్కుంటారు, దొరకదు. అక్కడ ఉండేది జ లాగా పలికే య. ఎడమ వైపు మాటలు ఒడియా లిపిలోనే రాయండి, మొదటి వారం చేయి నొప్పెట్టినా సరే. భూతాణు, శ్వేతసార, పాకస్థళీ మూడూ అలా రాస్తే అదే డిక్టేషను సాధన కూడా. పాకస్థళీలో ళ పడింది, చివర దీర్ఘం పడింది, చూశారా.

వంశధార_గట్టు:

చూశాను మాస్టారూ. ఎం.ఇ. టెస్టు ఫారం సంగతి ముందు కనుక్కుంటాను. పదాల పేజీ ఇవాళ రాత్రి మొదలు, ఒడియా లిపిలోనే.